ఎలక్ట్రిక్ ట్రక్కుతో తొలి పరిచయం

సావనీరుకు ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం వారు ఉత్తరం పంపారు. పాత విద్యార్థులు ఇలాంటి సంచికలకు సాధారణంగా రెండే రకాలు వ్రాస్తారు. ఒకటి హాస్టల్ మెస్సు జ్ఞాపకాలు, రెండోది ఇప్పటి కుర్రాళ్ళకు హితబోధ. మొదటిది నాకన్నా బాగా వ్రాసేవాళ్ళు నా బ్యాచిలోనే ఉన్నారు. రెండోది మీరు చదవరు, ఆ వయసులో మేమూ చదవలేదు. అందుచేత ఈ రెండూ వదిలిపెట్టి, 2023 వసంతంలో నేను నడిపిచూసిన ఒక బండి గురించి వ్రాస్తాను. అయితే చివరికి ఈ బండి కూడా నన్ను మన కాలేజీ మెషీన్స్ లాబ్‌లోకే తీసుకువచ్చి దింపింది. అది నా తప్పు కాదు.

నేనుండేది అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ నగరానికి దగ్గర. ఇక్కడ పికప్ ట్రక్కు అంటే ముందు నలుగురైదుగురు కూర్చునే కారు, వెనక సామాను వేసుకునే తొట్టి. మన బజార్లలో తిరిగే చిన్న ట్రాలీ ఆటోకు పెద్దన్న అనుకోండి. కాకపోతే ఈ పెద్దన్న మరీ పెద్దవాడు. ఫోర్డ్ కంపెనీ ఎఫ్ వరుస ట్రక్కులు 1977 నుంచీ ఈ దేశంలో మిగతా ట్రక్కులన్నిటికంటే ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. ఆ వరుసలోని ఎఫ్-150కి విద్యుత్ రూపమే లైట్నింగ్. 2021 మే నెలలో దాన్ని ప్రకటించారు, 2022లో రోడ్డెక్కింది. మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న డియర్‌బోర్న్‌లో, రూజ్ కర్మాగారం ఆవరణలోనే తయారైంది.

నాకు ట్రక్కుతో పనేమిటని మీరడగవచ్చు. నేను వడ్రంగిని కాదు, రైతునూ కాదు. అసలు సంగతి వేరు. 2023 ఫిబ్రవరి 22న మా ప్రాంతంలో మంచు వర్షం కురిసింది. వాన చినుకు చెట్టుకొమ్మ మీద పడగానే గడ్డకట్టుకుపోతుంది. ఆ బరువుకు కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయింది. మా ఇంటికి మూడు రోజులు రాలేదు. అప్పటికి మా అమ్మ నా దగ్గరే ఉంటున్నది. వయసు ఎనభై దాటింది, ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అనే యంత్రం రాత్రింబవళ్ళు నడవాలి. అది గోడ ప్లగ్గులోంచి కరెంటు తీసుకుంటుంది. ఆపద్ధర్మంగా ఇచ్చిన సిలిండరు కొన్ని గంటలే వస్తుంది. అర్ధరాత్రి, రోడ్డంతా గాజుపలకలా ఉండగా, అమ్మను కారులో కూర్చోబెట్టుకుని కరెంటున్న హోటలు కోసం ముప్ఫై మైళ్ళు వెళ్ళాను. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నవాణ్ణి, 350 వాట్ల యంత్రానికి కరెంటు ఇవ్వలేకపోయాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

హోటలు గదిలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే లైట్నింగ్ ప్రకటన కనిపించింది. బండి వెనక తొట్టిలోనూ, లోపలా, ముందు డిక్కీలోనూ కలిపి 11 ప్లగ్గులు, మొత్తం 9.6 కిలోవాట్లు ఇవ్వగలదు. చక్రాల మీద నడిచే సబ్‌స్టేషనన్నమాట. ఏప్రిల్‌లో ఒక శనివారం డీలరు దగ్గరికి వెళ్ళాను. (డీలరు పేరెందుకు లెండి. కాఫీ మాత్రం బాగాలేదు.)

సేల్స్‌మన్ కుర్రాడు తాళం చేతికిచ్చాడు. ఎక్కి కూర్చుని బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. కుర్రాడు నవ్వి, మీరిప్పుడు బండి ఆపేశారండీ, మొదటిసారికే స్టార్టయింది అన్నాడు. నలభై ఏళ్ళుగా ఇంజను చప్పుడు విని బండి బతికుందని తెలుసుకునే అలవాటు. ఆ చప్పుడు లేకపోతే చెవి నమ్మదు. ముందు బానెట్ తీసి చూపించాడు. ఇంజను ఉండాల్సిన చోట శుభ్రమైన ఖాళీ పెట్టె, 400 పౌన్ల సామాను పడుతుంది. మన లెక్కలో 180 కిలోలు, అంటే రెండు బస్తాల బియ్యానికి పైమాటే.

రోడ్డు మీదికి వచ్చాక కుర్రాడు ఒకసారి గట్టిగా తొక్కి చూడమన్నాడు. తొక్కాను. వీపు సీటుకు అతుక్కుపోయింది. మూడు టన్నుల బండి గంటకు 60 మైళ్ళ వేగం అందుకోవడానికి నాలుగున్నర సెకన్లు అటూ ఇటూ. నేను ‘అమ్మో’ అన్నాను, కుర్రాడికి అర్థం కాకపోయినా భావం అందింది. ఇందులో ఆశ్చర్యపడాల్సింది వేగం కాదు, అది ఎక్కణ్ణుంచి వస్తున్నదన్నది. పెట్రోలు ఇంజను నిలబడి ఉన్నప్పుడు దానికి టార్కు అనేదే లేదు. ముందు తాను తిరగాలి, కొంత వేగం పుంజుకోవాలి, అప్పుడే నాలుగు చక్రాల బరువు లాగగలదు. అందుకే క్లచ్చి, అందుకే గేరుపెట్టె. విద్యుత్ మోటారు అలా కాదు. సున్నా వేగం దగ్గరే పూర్తి టార్కు ఇస్తుంది. మా రోజుల్లో రైలింజన్లకు డి.సి. సీరీస్ మోటారు ఎందుకు వాడతారని అడిగితే ‘హై స్టార్టింగ్ టార్క్’ అని చిలకపలుకులు పలికి అయిదు మార్కులు తెచ్చుకునేవాళ్ళం. ఆ మూడు మాటల అర్థం నా వీపుకు తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది. లైట్నింగ్‌లో ఉన్నది డి.సి. మోటారు కాదు, ముందొకటి, వెనకొకటి, రెండు పర్మనెంట్ మాగ్నెట్ సింక్రనస్ మోటార్లు. పెద్ద బ్యాటరీ ఉన్న బండిలో రెండూ కలిసి 580 హార్స్‌పవర్, 775 పౌండ్-అడుగుల టార్కు. గేర్లు మార్చే పనే లేదు.

తొక్కినప్పటి సంగతి ఇది. నన్ను ఎక్కువగా పట్టుకున్నది కాలు తీసినప్పటి సంగతి.

కుర్రాడు తెర మీద ఏదో నొక్కి, ఇక బ్రేకు ముట్టుకోవద్దు, ఒక్క పెడల్‌తోనే నడపండి అన్నాడు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు కొంచెం ఎత్తితే బండి కొంచెం నెమ్మదించింది. పూర్తిగా ఎత్తితే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు ఆగింది. ఆగుతూ ఉండగా తెర మీద బ్యాటరీలోకి కరెంటు తిరిగి వెళ్ళడం చూపించింది. మూడు టన్నుల బండి గంటకు 60 మైళ్ళ మీద ఉన్నప్పుడు దాని గతిశక్తి లెక్క వేస్తే దాదాపు 0.3 యూనిట్ (యూనిట్ అంటే మన ఇంటి కరెంటు బిల్లు యూనిట్టే, ఒక కిలోవాట్ అవర్). మామూలు బండిలో ఆ శక్తంతా బ్రేకు పలకల్లో వేడై గాలిలో కలిసిపోతుంది. ఇందులో చాలా భాగం వెనక్కి వస్తుంది.

ఇక్కడే మన మెషీన్స్ లాబ్ గుర్తుకువచ్చింది. హాప్‌కిన్సన్ టెస్టు చేసినవారికి తెలుసు. ఒకే రకం డి.సి. యంత్రాలు రెండు, ఒకే షాఫ్టుకు బిగించి ఉంటాయి. ఒకటి మోటారుగా తిరుగుతూ రెండోదాన్ని తిప్పుతుంది. రెండోది జనరేటరై ఆ కరెంటును మొదటిదానికే ఇస్తుంది. బయటి సప్లై నుంచి నష్టాల మేరకే తీసుకుంటాయి. 1983లో వైవాలో మా లెక్చరరు గారు రియోస్టాటు మీద చెయ్యి వేసి, ఫీల్డు కరెంటు అటు తిప్పి ఇటు తిప్పి, “ఇప్పుడు ఇందులో మోటారేదోయ్, జనరేటరేదోయ్?” అన్నారు. నేను నేమ్‌ప్లేటు చదివి చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. “యంత్రానికి తాను మోటారునని తెలియదు నాయనా, నువ్వు దానిచేత చేయించే పనిని బట్టి ఉంటుంది” అని తరువాతివాణ్ణి పిలిచారు. ఇరవైకి ఎనిమిది మార్కులు.

ఆ శనివారం మధ్యాహ్నం, డెట్రాయిట్ శివార్లలో, ఎర్రలైటు దగ్గర కాలెత్తుతూ దించుతూ అదే ప్రశ్నకు జవాబు చెప్పుకున్నాను. సింక్రనస్ మోటారులో స్టేటరు అయస్కాంత క్షేత్రం ముందు నడుస్తూ రోటరును వెంట లాగితే మోటారు. రోటరే ముందుకెళ్ళి క్షేత్రాన్ని లాగితే జనరేటరు. ఆ క్షేత్రం ఎక్కడుండాలో నిర్ణయించేది ఇన్వర్టరు. అది బ్యాటరీలోని డి.సి.ని మూడు ఫేజుల ఏ.సి.గా మారుస్తుంది, అవసరమైతే ఏ.సి.ని డి.సి.గా వెనక్కి పంపుతుంది. నా కాలు అరంగుళం కదిలితే యంత్రం తన వేషం మార్చుకుంటున్నది. మా రోజుల్లో దీనికి ఒక పెద్ద రియోస్టాటు, ఇద్దరు కుర్రాళ్ళు, ఒక అటెండరు కావలసివచ్చేది.

ఇక మెచ్చుకోలు ఆపి లెక్కల్లోకి వద్దాం. పెద్ద బ్యాటరీలో వాడుకోదగినది 131 యూనిట్లు. హాస్టల్ గదిలో 60 వాట్ల బల్బు వేసి మరిచిపోతే మూడు నెలలు వెలుగుతుంది. చాలా ఎక్కువ అనిపిస్తుంది. ఇప్పుడు అదే శక్తిని పెట్రోలులో కొలవండి. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం ఒక గాలన్ పెట్రోలులో 33.7 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే ఈ మహా బ్యాటరీలో ఉన్నది నాలుగు గాలన్లకు కూడా తక్కువ పెట్రోలు! మన కొలతలో 15 లీటర్లు లేదు. బుల్లెట్ మోటారుసైకిలు ట్యాంకుకు కాస్త ఎక్కువ. ఆ బుల్లెట్ ట్యాంకుడు శక్తిని మొయ్యడానికి దాదాపు 800 కిలోల బ్యాటరీ.

ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు, ఈ బండి మంచీ చెడూ రెండూ అందులోంచే వస్తాయి. మంచి ఏమంటే, ఆ కాస్త శక్తితో 320 మైళ్ళు, అంటే 515 కిలోమీటర్లు వెళుతుందని ప్రభుత్వ పరీక్షలో తేలింది. గాలన్‌కు 20 మైళ్ళిచ్చే పెట్రోలు ట్రక్కు అంత దూరానికి 16 గాలన్లు తాగుతుంది, అంటే 540 యూనిట్ల శక్తి. నాలుగింతలు! పెట్రోలు వేడిలో నాలుగో వంతో, కాస్త తక్కువో చక్రాలకు చేరుతుంది. మిగతాది రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా ఊరికి వేడి పెట్టడానికి పోతుంది. మోటారు, ఇన్వర్టరు రెండూ కలిసినా పోగొట్టేది బహు తక్కువ.

చెడు ఎక్కడంటే బండికి ట్రయిలరు తగిలించినప్పుడు. మా వీధి చివర గుంటూరు మిత్రుడొకడున్నాడు. నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను అన్నగారూ అంటాడు. అతను నాకన్నా ముందే ఈ బండి కొన్నాడు. వేసవిలో పిల్లల్ని తీసుకుని, చక్రాల మీద ఇల్లులాంటి క్యాంపింగ్ ట్రయిలరు తగిలించుకుని, ఉత్తరాన మాకినా జలసంధి దాకా ప్రయాణం కట్టాడు. దూరం 300 మైళ్ళ లోపే. కాగితం మీద ఒకే ఛార్జింగుతో చేరాలి. మూడుసార్లు ఆగాడు. పత్రికలవాళ్ళ పరీక్షల్లోనూ ఇదే తేలింది, బరువైన ట్రయిలరు తగిలిస్తే దూరం సగానికి, ఇంకా తక్కువకూ పడిపోతుంది. కారణం బరువుకన్నా గాలి. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది; పైగా ట్రయిలరు అంటే గాలికి ఎదురుగా నిలబెట్టిన గోడ. పెట్రోలు ట్రక్కుకు ఈ శాపం లేదా? ఉంది, దాని మైలేజీ కూడా అంతే పడిపోతుంది. కాకపోతే దాని ట్యాంకులో వంద లీటర్లుంటాయి, అయిదు నిమిషాల్లో మళ్ళీ నింపుకోవచ్చు. దుబారా చేసేవాడికి ఆస్తి ఎక్కువ ఉన్నట్టు. పొదుపరికి ఉన్నదే కొంచెం, ఖర్చు పెరిగితే వెంటనే తెలిసిపోతుంది.

ఛార్జింగు చోట్ల ఇంకో తమాషా. చాలా స్టేషన్లు కార్ల కోసమే కట్టారు, ట్రయిలరుతో లోపలికి వెళ్ళడానికి చోటుండదు. మావాడు వానలో ట్రయిలరు ఊడదీసి పక్కన నిలబెట్టి, బండికి ఛార్జింగు పెట్టి, మళ్ళీ తగిలించుకున్నాడు. మూడుసార్లూ అంతే. “పిల్లలకు హిచ్ వేయడం బాగా వచ్చేసిందన్నగారూ” అన్నాడు. ఫాస్ట్ ఛార్జరు దగ్గర 15 శాతం నుంచి 80 శాతానికి 41 నిమిషాలని కంపెనీ మాట. ఇంట్లో 240 వోల్టుల లైనుంటే ఒక రాత్రి పడుతుంది. మామూలు 120 వోల్టుల ప్లగ్గు పెడితే గంటకు ఒకటిన్నర యూనిట్ కూడా ఎక్కదు, నాలుగు రోజులు కూర్చోవాలి. చలికాలం సంగతి వేరే చెప్పాలా? ఇంజను వృథా చేసే వేడే కారులో మనల్ని వెచ్చగా ఉంచేది. వృథా చెయ్యని బండికి ఆ వేడీ ఉండదు కనుక హీటరు కూడా బ్యాటరీ మీదే బతకాలి.

మరి ఇది మన దేశానికి పనికివస్తుందా అని విద్యార్థులు అడుగుతారు. లైట్నింగ్ లాంటిది మన సందుల్లో తిరగనే తిరగదు. కానీ 2024 జనవరిలో నేను విజయవాడ వచ్చినప్పుడు టాటా ఏస్ ఈవీ అనే బుల్లి విద్యుత్ ట్రక్కులో డ్రైవరు పక్కన కూర్చుని ఒక పూట తిరిగాను. 2022లో వచ్చిన ఆ బండిలో బ్యాటరీ 21.3 యూనిట్లు, అంటే లైట్నింగ్‌లో ఆరో వంతు. ఒక ఛార్జింగుకు 154 కిలోమీటర్లని కంపెనీ ప్రకటించింది. ఆ డ్రైవరు రోజుకు ఎనభై దాటి తిరగడు, రాత్రి గోడౌనులోనే ఛార్జింగు. “క్లచ్చి లేదు కదండీ, సాయంత్రానికి ఎడమకాలు నాదేనని తెలుస్తోంది” అన్నాడు. బండికి ఎంత పనుందో ముందే తెలిసి, అంతకు తగ్గ బ్యాటరీ పెట్టుకున్నచోట ఈ విద్య దివ్యంగా ఉంటుంది. ఒక్కోరోజు ఎంత దూరం పోవాలో, ఎంత బరువు లాగాలో తెలియనివాడికి పెద్ద బ్యాటరీ కూడా చాలదు. నా అభిప్రాయం ఇది. కాదనేవాళ్ళు మా డిపార్టుమెంటు పూర్వ విద్యార్థుల్లోనే బోలెడుమంది ఉన్నారు.

ఇంతకీ నేను కొన్నానా? లేదు. 2021లో కంపెనీ చెప్పిన ప్రారంభ ధర 39,974 డాలర్లు. 2023 మార్చి నాటికి అదే చౌక రకం 60 వేలకు చేరుకుంది. నేను నడిపిన పెద్ద బ్యాటరీ రకం 80 వేల పైమాటే. అంత సొమ్ము పెట్టలేకపోయాను. జూలైలో ధరలు తగ్గించారు గాని అప్పటికి నా ఉత్సాహమూ తగ్గింది. 2025 డిసెంబరులో ఫోర్డ్ వారు ఈ రకం తయారీ ఆపేస్తున్నామనీ, ఇకమీదట బ్యాటరీకి తోడు బండిలోనే పెట్రోలు జనరేటరు ఉండే నమూనా తెస్తామనీ ప్రకటించారు. ట్రయిలరు లాగేవాళ్ళ మాటే నెగ్గిందన్నమాట.

అయితే ఒక్క సంగతి మిగిలిపోయింది. 2023 ఆగస్టు 24 రాత్రి మా ప్రాంతంలో గాలివాన వచ్చింది, సుడిగాలులు కూడా. మళ్ళీ కరెంటు పోయింది. నేను సిలిండరు మీటరు వంక, గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. పావుగంటలో వాకిట్లో లైట్లు పడ్డాయి, చప్పుడు మాత్రం లేదు. గుంటూరు మిత్రుడు లైట్నింగ్‌ను మా వంటింటి కిటికీ కిందికి వెనక్కి తెచ్చి నిలబెట్టాడు. “కేబుల్ ఉందా అన్నగారూ?” అన్నాడు. కిటికీలోంచి రెండు కేబుళ్ళు లోపలికి లాగాం. ఒకటి అమ్మ యంత్రానికి, ఒకటి ఫ్రిజ్జుకు. కాన్సంట్రేటరు ఒకసారి కుయ్యిమని మామూలుగా నడవడం మొదలుపెట్టింది. లెక్క వేశాను. 350 వాట్లు, ఇరవై నాలుగు గంటలకు 8.4 యూనిట్లు. ఫ్రిజ్జు, నాలుగు దీపాలు, నష్టాలు అన్నీ కలిపినా బండి పది రోజులు మొయ్యగలదు.

మర్నాడు సాయంత్రం కరెంటు వచ్చేసరికి బండి తెర మీద బ్యాటరీ తొమ్మిది శాతం తగ్గింది. అమ్మ నన్ను పిలిచి, “ఏరా, ఆ అబ్బాయి కరెంటు డబ్బులు ఇచ్చావా?” అంది. పన్నెండు యూనిట్లు, రెండు డాలర్ల చిల్లర. అతను తీసుకోనన్నాడని చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, గోంగూర పచ్చడి సీసా ఇచ్చి పంపింది.